పోస్టల్ ఓటు వేశాను. అది లెక్కలోకి వచ్చిందో లేదో ఎవరు చెప్తారు?

ఉత్తరాంధ్ర టీచర్

అందరికీ నమస్కారం. 2004 నుంచి ప్రతి ఎన్నికకూ నాకు డ్యూటీ పడుతూనే ఉంది. ఓపీఓగా, అంటే మామూలు పోలింగ్ సిబ్బందిగా మొదలుపెట్టి, ఇప్పుడు పీఓ, అంటే బూత్ మొత్తం చూసుకునే ప్రిసైడింగ్ ఆఫీసర్ దాకా వచ్చాను. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా వేల మంది ఓటేసి ఉంటారు. నా ఓటు సంగతి మాత్రం ఏ ఎన్నికలోనూ గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఆ బాధతోనే ఈ పోస్టు పెడుతున్నాను.

2019లో పోస్టల్ బ్యాలెట్ ఇంటికే వచ్చింది. కవరు మా బీరువాలో చీరల కింద పదకొండు రోజులు ఉంది. ఆ పదకొండు రోజుల్లో మా వీధిలో తిరిగే నాయకుడొకాయన రెండుసార్లు వచ్చారు. "టీచరమ్మగారూ, వేసేశారా? సంతకాలవీ మేం పెట్టిస్తాం, కవరు ఇలా ఇచ్చేయండి" అన్నారు. ఇవ్వలేదు. మరుసటి రోజే గెజిటెడ్ హెడ్మాస్టర్ గారి దగ్గర, ఓటు వేసింది నేనేనని చెప్పే డిక్లరేషన్ మీద సంతకం పెట్టించుకుని పోస్టు చేశాను.

2024లో ఆ పద్ధతి పోయింది. ఫెసిలిటేషన్ సెంటర్‌కు వెళ్లి అక్కడే వేయాలన్నారు. చాలా మంచి మార్పు. కానీ నా ఓటు ఒక నియోజకవర్గంలో, డ్యూటీ ఇంకోచోట. మొదటి రోజు వెళ్తే లిస్టులో పేరు లేదు. రెండో రోజు పేరుంది, బ్యాలెట్ రాలేదు. మూడో రోజు మే నెల ఎండలో టెంటు కింద మూడున్నర గంటలు నిలబడ్డాక చేతికి వచ్చింది. పార్లమెంటుకు తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. అక్కడి అధికారి మా డిక్లరేషన్లు కట్టలుగా ముందు పెట్టుకుని గబగబా సంతకాలు పెడుతున్నారు. సీలు వేయడం నా కళ్లతో చూడలేదు. అడుగుదామంటే వెనక వందమంది. బాక్సులో వేసి వచ్చేశాను.

నెల తిరక్కుండానే ఆ సీళ్ల మీదే రాష్ట్రమంతా గొడవ. ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది. నా ఓటు లెక్కపెట్టారా, పక్కన పడేశారా? తెలుసుకునే దారి ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ డీటీ

అమ్మా, నేను డిప్యూటీ తహసీల్దారుగా నాలుగు ఎన్నికల్లో పోస్టల్ బ్యాలెట్ టేబుల్ దగ్గర పనిచేశాను. అక్కడ ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను.

మీరు బాక్సులో వేసింది పెద్ద కవరు. దాన్ని కవర్ బీ అంటాం, ఫారం నంబరు 13సీ. అందులో రెండు ఉండాలి. ఒకటి మీ డిక్లరేషన్, అంటే 13ఏ. రెండోది కవర్ ఏ అనే చిన్న కవరు, 13బీ. ఓటు వేసిన కాగితం ఆ చిన్న కవరులో ఉంటుంది. కౌంటింగ్ రోజు పొద్దున 8 గంటలకు మొదట ముట్టుకునేది పోస్టల్ ఓట్లనే. ఒక్కో టేబుల్‌కు 500 దాకా ఇస్తారు. పెద్ద కవరు చించి ముందు 13ఏ బయటికి తీస్తాం. అది ఉందా, మీ సంతకం ఉందా, అధికారి అటెస్ట్ చేశారా, డిక్లరేషన్ మీది బ్యాలెట్ నంబరూ చిన్న కవరు మీది నంబరూ కలుస్తున్నాయా చూస్తాం. వీటిలో ఏది తప్పినా చిన్న కవరు తెరవనే తెరవం. దాని మీద తిరస్కరణ అని రాసి, కారణం రాసి, పక్కన పెట్టేస్తాం. లోపల ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు.

అన్నీ సరిపోతేనే చిన్న కవర్లు ఒకచోట చేర్చి, డిక్లరేషన్లు వేరుగా కట్టి, ఆ తర్వాత బ్యాలెట్లు తీస్తాం. ఒక్కరికే గుర్తు పెట్టారా, పేరూ సంతకం లాంటి ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా అన్నది అప్పుడు చూస్తాం. టిక్కు పెట్టినా ఇంటూ పెట్టినా ఉద్దేశం తెలిస్తే చాలు, చెల్లుతుంది.

నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టులోనే. డిక్లరేషన్‌ను చిన్న కవరులో పెట్టేస్తారు, లేదా నంబరు రాయడం మరిచిపోతారు. పిల్లలకు పరీక్ష పేపర్లు దిద్దే టీచర్ల డిక్లరేషన్లలో ఇలా కనిపిస్తే ప్రాణం ఉసూరుమనేది.

మీ ప్రశ్నకు జవాబు: ఫలానా ఉద్యోగి ఓటు చెల్లిందా అని చెప్పే ఏర్పాటు మన దగ్గర లేదు. సీళ్ల వివాదంలో, అధికారి సంతకం ఉంటే సీలు లేదన్న కారణంతో తోసేయొద్దని రాష్ట్రంలో ఆదేశాలు వచ్చాయి. దాని మీద హైకోర్టుకు వెళ్లారు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టులు జోక్యం చేసుకోలేదు. కాబట్టి మీ కాగితం మీద సంతకం సరిగ్గా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

రాజమండ్రి లాయర్

డీటీ గారు చక్కగా చెప్పారు. నా అభిప్రాయం కూడా రాస్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. బూత్ బయట వేసే ప్రతి ఓటూ కొంత బలహీనమైన ఓటే. రహస్యం కాపాడాల్సిందేనని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో సెక్షన్ 128 చెప్తుంది. ఎవరికి వేశావో చెప్పమని నిన్నెవరూ బలవంతపెట్టలేరని సెక్షన్ 94 చెప్తుంది. టీచర్ గారి బీరువాలో పదకొండు రోజులున్న కవరుకు ఆ రెండు సెక్షన్లూ ఏం కాపలా కాశాయి? ఆవిడ గట్టి మనిషి కాబట్టి నిలబడ్డారు. ఎంతమంది ఇచ్చేసి ఉంటారు? 2023 ఆగస్టులో నిబంధనల్లో 18ఏ చేర్చి, డ్యూటీ ఉద్యోగులు సెంటర్‌లోనే వేసి అక్కడే ఇచ్చేయాలన్నది ఇందుకే.

వయసు మీరినవాళ్లకు ఇంటి దగ్గరే వేయించే ఓటు సంగతీ అంతే. మంచంలో ఉన్న పెద్దావిడ ఓటు ఆమెదా, కొడుకుదా?

మేడ్చల్ మనవడు

లాయర్ గారూ, మా ఇంట్ల జరిగింది చెప్తాను, విని అప్పుడు అనండి.

2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో మా నానమ్మకు ఇంటి ఓటు వచ్చింది. అప్పటికి 80 దాటినవాళ్లకు ఇచ్చేవారు. బీఎల్ఓ, అంటే మా బూత్ స్థాయి అధికారి, పోస్టల్ ఓటుకు దరఖాస్తు చేసే 12డీ ఫారం ముందే తెచ్చి సంతకం పెట్టించుకుని పోయిండు. చెప్పిన రోజు ఇద్దరు పోలింగ్ అధికారులు, ఒక పోలీసాయన, ఒక వీడియో తీసే అబ్బాయి వచ్చారు. పార్టీల తరఫున ఇద్దరు గుమ్మం బయట నిలబడ్డారు. నానమ్మ పొద్దున్నే తలంటుకుని, పండుగకు కొన్న పచ్చ చీర కట్టుకుని కూర్చుంది. మంచం మీద మూడు మడతల అట్ట నిలబెట్టారు. మమ్మల్ని అందరినీ బయటికి పొమ్మన్నారు. కెమెరా కూడా వెనకనే ఉంది. నానమ్మ అందర్నీ చూసి, "గీడనే కూసోని ఓటేస్తే లెక్కలకొస్తదా బిడ్డా?" అనడిగింది. వస్తదని ఆ మేడమ్ చెప్పినాకనే పెన్ను పట్టుకుంది. ఎవరికేసిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు. అడిగితే "నీకెందుకురా" అంటది.

నా బాధ వేరే. ఆర్నెల్లు తిరగకముందే, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలు. ఈసారి లిస్టులో పేరు లేదన్నారు. 80 కాదు, 85 చేశారట. మా లెక్క ప్రకారం ఆమెకు 86. ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఆటోలో తీసుకపోయి, బడి మెట్ల మీద నేనూ మా బాబాయీ కుర్చీతో సహా మోసినం.

రిటైర్డ్ డీటీ

బాబూ, వయసు మారిన మాట నిజమే. 2024 మార్చి 1న నిబంధన సవరించి 80ని 85 చేశారు. అంతకుముందు 2019 అక్టోబర్‌లో 80 ఏళ్లవారికీ దివ్యాంగులకూ ఈ వీలు పెట్టారు, మొదట జార్ఖండ్‌లో కొన్ని నియోజకవర్గాల్లో అమలు చేశారు. దేశమంతటా ఇంటి ఓటు ఇచ్చిన మొదటి లోక్‌సభ ఎన్నిక 2024దే. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే వయసుతో పని లేదు.

కానీ మీ లెక్కలో 86 అయితే రావాల్సిందే కదా. నానమ్మగారి వయసు ఓటరు జాబితాలో ఎంత ఉందో ఒకసారి చూస్తారా? అధికారులు చూసేది జాబితాలోని వయసే, ఇంట్లో చెప్పుకునే వయసు కాదు.

కాజీపేట లోకో పైలట్

అత్యవసర సేవల వాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. రైల్వే, కరెంటు, వైద్యం, మీడియా పాసులున్న విలేకరులు, ఇలాంటివాళ్లకు కూడా 12డీ ఉంది. మాకు ఇంటికి రారు. పోస్టల్ ఓటింగ్ సెంటర్ అని పెట్టి వరుసగా మూడు రోజులు, పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా తెరుస్తారు. శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుని నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం ఇవ్వాలి.

ఇచ్చాను. జాబితాలో నా పేరు పక్కన పీబీ, అంటే పోస్టల్ బ్యాలెట్ అని పడింది. ఆ మూడు రోజుల్లో రెండు రోజులు నేను బండి మీద ఉన్నాను. మూడో రోజు పొద్దున దిగి, రూముకు పోకుండా అదే యూనిఫాంతో సెంటర్‌కు పోతే, నా కాగితం వేరే జిల్లా కట్టలో ఉందన్నారు. సాయంత్రం 5 అయింది, మూసేశారు. తీరా పోలింగ్ రోజున నాకు రెస్ట్ పడింది. బూత్‌కు పోతే పీబీ అని ఉంది కాబట్టి వేయనివ్వలేదు. నిబంధన అంతేనట. పీఓ గారి తప్పు కూడా కాదు. రెస్టు రోజున ఇంట్లో ఉండి కూడా ఓటు వేయలేకపోయాను.

ఉత్తరాంధ్ర టీచర్

తమ్ముడూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. పీఓ కుర్చీలో కూర్చుని, పీబీ అని ఉన్నవాళ్లను నేనూ వెనక్కి పంపాను. ఒకాయన ఇలాగే యూనిఫాంలో వచ్చాడు.

ప్రకాశం ఫౌజీ

జైహింద్. మా వైపు నుంచి ఒక మంచి మాట కూడా చెప్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు బ్యాలెట్ కాగితం పోస్టులో రావాలి, నింపి మళ్లీ పోస్టులో పంపాలి. కొండ మీది పోస్టుకు చేరేసరికి ఊళ్లో గెలిచినవాళ్ల ఊరేగింపు కూడా అయిపోయేది. 2016 అక్టోబర్‌లో నిబంధన మార్చి, బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపడం మొదలుపెట్టారు. ఈటీపీబీఎస్ అంటారు. మొదటిసారి వాడింది పుదుచ్చేరిలోని నెల్లితోపు ఉపఎన్నికలో. ఫైల్ దింపుకుని, పిన్ కొట్టి తెరిచి, ప్రింట్ తీసి, గుర్తు పెట్టి, డిక్లరేషన్ మీద మా ఆఫీసర్ సంతకంతో పోస్టులో వేయాలి. మా దగ్గరికి నిమిషాల్లో వస్తుంది, తిరిగి వెళ్లడం మాత్రం పోస్టులోనే. కౌంటింగ్ రోజు ఉదయం 8 లోపు చేరాలి. అక్కడ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి సరిచూస్తారు.

ఇంకో సంగతి. పూర్వం సర్వీస్ ఓటరు, అంటే మాలాంటి సైనికుడి భార్యకే ఈ హక్కు ఉండేది. మహిళా ఆఫీసర్ భర్తకు ఉండేది కాదు. 2021 చట్ట సవరణలో జీవిత భాగస్వామి అని మార్చారు. మా మేడమ్ ఒకరు ఆ రోజు యూనిట్‌లో అందరికీ లడ్డూలు పంచారు.

లండన్ గోదారి

నాది భారత పాస్‌పోర్టు. ఈ ఊరొచ్చి నాలుగేళ్లు. ఇది చాలామందికి తెలియదు: కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ నివాసం ఉంటే బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. 2024 జూలై 4న నేను వేశాను, అదీ పోస్టల్‌లో. కారణం చెప్పనక్కర్లేదు, 2001 నుంచి అడిగినవాళ్లందరికీ ఇస్తున్నారు. డీటీ గారు చెప్పినట్టే ఇక్కడా రెండు కవర్లు, ఏ, బీ. డిక్లరేషన్‌కు అటెస్టేషన్ లేదు. సంతకమూ పుట్టిన తేదీ రాయాలి, వాటిని రికార్డుతో పోలుస్తారు.

టీచర్ గారి ప్రశ్నకు సంబంధించి ఒక మాట. ఇక్కడ సంతకం కలవకో, తేదీ తప్పో ఓటు తిరస్కరిస్తే, ఎన్నికల తర్వాత ఆ సంగతి ఓటరుకు ఉత్తరం రాసి తెలియజేయాలి. వచ్చేసారి సరిచేసుకోమని.

ఇక మా ఊరి ఓటు. ఫారం 6ఏ పెట్టి ప్రవాస ఓటరుగా నమోదయ్యాను. 2010 సవరణతో వచ్చిన హక్కు అది. కానీ ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని మా ఊరి బూత్‌కే వెళ్లాలి. పోస్టల్ లేదు, మన బదులు ఇంకొకరు వేసే ప్రాక్సీ లేదు. ప్రాక్సీ బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, ఆ సభ ముగియడంతో మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘమే ప్రవాసులకు ఆన్‌లైన్ బ్యాలెట్ పంపుతామంది, అదీ ముందుకు రాలేదు. 2024లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాసులు 1.19 లక్షలు, వచ్చి వేసినవాళ్లు 2,958 మంది. పరాయి దేశం ఎంపీని ఎన్నుకోడానికి కవరు ఇంటికొచ్చింది. మా లంకకు వంతెన వేయించే ఎమ్మెల్యేకి ఓటేయాలంటే విమానం ఎక్కాలి.

రాజమండ్రి లాయర్

మీ బాధ అర్థమైంది. కానీ గల్ఫ్‌లో క్యాంపుల్లో ఉండే మనవాళ్లకు పోస్టల్ ఇస్తే, ఆ కవరు ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించండి. పాస్‌పోర్టే యజమాని దగ్గర పెట్టుకునే చోట బ్యాలెట్ పెట్టుకోడా?

లండన్ గోదారి

ఆ భయం నిజమే, కాదనను. అయితే దౌత్య కార్యాలయంలో బూత్ పెట్టొచ్చు కదా. ఇవ్వకుండా ఉండడమే పరిష్కారమంటే ఒప్పుకోలేను.

మియాపూర్ నుంచి కోనసీమ

విదేశాల దాకా ఎందుకండీ, హైదరాబాద్‌లో ఉన్న నా సంగతి చూడండి. 2024 మే 11 రాత్రి బయల్దేరితే పంతంగి టోల్ గేట్ దగ్గరే తెల్లారినంత పనైంది. ఒళ్లో ఏడాదిన్నర పాప. రైలు టికెట్లు నెల ముందే అయిపోయాయి. ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం పోలింగ్ అయిందని గొప్పగా చెప్పుకున్నాం. అందులో 1.2 శాతం పోస్టల్. మిగతాదాంట్లో మాలాగ రోడ్ల మీద రాత్రులు గడిపినవాళ్లు ఎంతమందో.

ఓటు ఇక్కడికి మార్చుకోమంటారు. అమ్మానాన్న, పొలం, రేషన్ కార్డు అన్నీ అక్కడ. నా మనసు ఆ ఊరి సంగతులకే కొట్టుకుంటుంది. 2022 డిసెంబర్‌లో ఎన్నికల సంఘం వలస ఓటర్ల కోసం రిమోట్ ఓటింగ్ యంత్రం చూపిస్తామంది. ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాలు. 2023 జనవరి 16న పార్టీలను పిలిచారు, చాలా పార్టీలు వద్దన్నాయి. అంతే, మళ్లీ మాట లేదు.

డాలస్ కృష్ణాజిల్లా

నేను ఇక్కడ పౌరసత్వం తీసుకున్నాను. టెక్సస్‌లో 2024లో ముందస్తు ఓటింగ్ అక్టోబర్ 21 నుంచి నవంబర్ 1 దాకా, అసలు పోలింగ్ నవంబర్ 5. మా కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ సెంటర్‌కైనా వెళ్లొచ్చు. ఆఫీసు నుంచి వస్తూ గ్రాసరీ కొట్టు పక్కనున్న లైబ్రరీలో పదిహేను నిమిషాల్లో వేసి వచ్చాను. మా ఆవిడ వారాంతంలో వేసింది. బూత్‌లోనే వేస్తాం కాబట్టి లాయర్ గారు చెప్పిన రహస్యం సమస్య కూడా రాదు.

పోస్టల్ మాత్రం ఇక్కడ అందరికీ ఇవ్వరు. 65 దాటాలి, లేదా అనారోగ్యం, వైకల్యం, కౌంటీలో లేకపోవడం లాంటివి ఉండాలి. 2021లో కొత్త చట్టం తెచ్చి, కవరు మూత కింద గుర్తింపు నంబరు రాయాలన్నారు. 2022 మార్చిలో పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఆ నంబరు దగ్గరే బోల్తాపడి పోస్టల్ ఓట్లలో దాదాపు ఎనిమిదింట ఒకటి చెల్లకుండా పోయింది. మా అమ్మ కవరు కూడా ఒకసారి వెనక్కి వచ్చింది. డ్రైవింగ్ లైసెన్స్ నంబరు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు. తెలిసింది కాబట్టి సరిచేసి పంపాం. ఎలా తెలిసిందంటే, రాష్ట్రం వెబ్‌సైట్‌లో కవరు ఎక్కడుందో, అందిందో, ఆమోదించారో కనిపిస్తుంది.

ఉత్తరాంధ్ర టీచర్

ఇదే నేను అడుగుతున్నది! ఎవరికి వేశానో ఎవరికీ తెలియక్కర్లేదు. కవరు చెల్లిందా లేదా అన్నది నాకు చెప్పండి చాలు. డీటీ గారూ, మీరే అన్నారు కదా, 13ఏ చూసేటప్పటికి చిన్న కవరు తెరవరని. మరి ఆ మెట్టు దగ్గరే నాకు ఒక మెసేజ్ పంపితే రహస్యానికి వచ్చే నష్టమేంటి?

రిటైర్డ్ డీటీ

నష్టం లేదమ్మా. ఆలోచిస్తుంటే నాకూ అదే అనిపిస్తోంది. డిక్లరేషన్ మీద పేరుంటుంది, తిరస్కరిస్తే కారణం కవరు మీద ఉంటుంది. పేర్ల జాబితా తయారుచేయడం కష్టమైన పని కాదు. చిక్కల్లా ఒక్కటే. మన దగ్గర 13ఏ పరిశీలన కౌంటింగ్ రోజే జరుగుతుంది, తప్పు తెలిసినా దిద్దుకునే టైమ్ ఉండదు. ఫెసిలిటేషన్ సెంటర్‌లో బాక్సులో వేయకముందే నంబరూ సంతకమూ ఒకరు సరిచూసి రసీదు ఇస్తే సగం తిరస్కరణలు అక్కడే ఆగిపోతాయి.

ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. 2023లో బెంగళూరు జయనగరలో గెలుపు తేడా 16 ఓట్లు. అక్కడ తిరస్కరించిన పోస్టల్ ఓట్లను మళ్లీ తీసి పరిశీలించాల్సి వచ్చింది. చెల్లని పోస్టల్ ఓట్లకన్నా తేడా తక్కువైతే మళ్లీ చూడాలన్నది నియమం. 2025 సెప్టెంబర్‌లో ఇంకో ఆదేశం వచ్చింది: పోస్టల్ లెక్క పూర్తయ్యాకే ఈవీఎంల చివరినుంచి రెండో రౌండ్ మొదలుపెట్టాలని. మేం ఉన్నప్పుడు ఒక్కోసారి ఈవీఎంలు అయిపోయి హాలు ఖాళీ అవుతుంటే, మా టేబుల్ మీద ఇంకా కవర్లు చించుతూ ఉండేవాళ్లం.

రాజమండ్రి లాయర్

రసీదు మాటకు నేనూ ఒప్పుకుంటాను. చెల్లుబాటు చెప్పడం వేరు, ఓటు చెప్పడం వేరు. టీచర్ గారూ, ముఖ్య ఎన్నికల అధికారికి మీ ఉపాధ్యాయ సంఘం తరఫున వినతి ఇస్తానంటే డ్రాఫ్ట్ నేను రాసిస్తాను. డబ్బులేమీ వద్దు. లోకో పైలట్ గారి పీబీ విషయం కూడా అందులో పెడదాం. సెంటర్‌కు వచ్చినా శాఖ తప్పువల్ల కాగితం అందనివాళ్లకు, ఆ మేరకు రాసిచ్చి, బూత్‌లో వేయనివ్వాలని.

కాజీపేట లోకో పైలట్

సార్, నేను సంతకం పెడతాను. మా క్రూ లాబీలో ఇంకో ఆరుగురు ఉన్నారు.

ఉత్తరాంధ్ర టీచర్

ఆదివారం మా మండల మీటింగ్ ఉంది లాయర్ గారూ. శనివారం లోపు పంపగలిగితే అక్కడే చదివి వినిపిస్తాను.

మేడ్చల్ మనవడు

డీటీ సార్, మీరు చెప్పినట్టు ఇప్పుడే ఓటరు జాబితా చూసిన. నానమ్మ వయసు అందులో 82 అని ఉంది. ఆధార్‌లో 1938. ఐదేళ్లు తక్కువ పడ్డది. మేం బీఎల్ఓ మీద కోపం తెచ్చుకున్నం, ఆయన లిస్టులో ఉన్నదే చెప్పిండు.

రిటైర్డ్ డీటీ

అనుకున్నాను. ఫారం 8 పెట్టు బాబూ, వయసు సవరణకు. ఆధార్ కాపీ జతచెయ్. ఎన్నికలొచ్చాక హడావిడిలో కాదు, ఇప్పుడే. సరైన వయసు పడ్డాక వచ్చేసారి నోటిఫికేషన్ రాగానే బీఎల్ఓ 12డీ తేవాలి. రాకపోతే ఐదు రోజుల్లోపు నువ్వే వెళ్లి ఇవ్వు, అందినట్టు రాయించుకో.

మేడ్చల్ మనవడు

పెట్టిన సార్. రిఫరెన్స్ నంబర్ వచ్చింది, స్క్రీన్ షాట్ తీసిపెట్టుకున్న. నానమ్మకు చెప్తే, "అయితే ఆ మేడమ్ మళ్లొస్తదా?" అంటున్నది.